ఇరవై ఏడో నంబరు

బాదేపల్లి గంజ్ వెనక సందులో
ఖలీల్ సాబ్ ప్రెస్సు.
కింది నుంచి రెండో అరకు తాళం ఉండేది కాదు.
ఎవడెత్తుకపోతడు పో, అనేవాడు సాబ్,
ఒక్కో అచ్చరం అరపావు బరువు.

ఫౌండ్రీ పట్టీలో దాని పేరు ఇరవై ఏడో నంబరు.
లావు. వాలు.
గీత చివర సన్నగా మలిచిన కొస కాదు,
గొడ్డలితో నరికినట్టు చదరంగా తెగిన దిమ్మె.

అదే వరుస ఇంగ్లీషుది పక్క అరలో ఉండేది.
దాని దిమ్మెలు పాదాల కింద,
పీటలేసుకుని నిలబడ్డట్టు.
మన అక్షరానికి కింద ఏముంది,
గుండ్రటి అడుగు, పెడితే దొర్లిపోయే చెంబు.
అందుకే పోత పోసినవాడెవడో
ఆ దిమ్మెను తీసి నెత్తిమీద పెట్టాడు,
తలకట్టు ఉండే చోట.

నాకప్పుడు పదహారేండ్లు.
స్టిక్కులో తిరగేసి పేర్చుకుంటూ పోతే
అవి ఎడమకు ఒరిగేవి,
కాగితం మీద పడ్డాకే కుడికి.
వాలిన కొస పక్కదాని మీదికి చొచ్చుకొస్తుంది.
దాని కింద సీసం ఉండదు, ఉత్త గాలి.
చిటికెడు ఎక్కువ బిగిస్తే
టిక్కుమని విరుగుతుంది.
అంత లావు అక్షరానికి అంత పలచటి మెడ ఎందుకని
నేనెప్పుడూ అడగలేదు.

ఏమేం మోయలేదు అది!
పల్లికాయ విత్తనాల సంచి మీద రకం పేరు.
కురుమూర్తి జాతరకు స్పెషల్ బస్సులు.
కబడ్డీ పోటీలు, మొదటి బహుమతి పొట్టేలు.
నీళ్లు పడకపోతే సగం పైసలేనని
ఒక బోరుబండి ఆసామి కరపత్రం,
ఆ 'సగం' బస్టాండు అవతలి నుంచి కనబడాలని పంతం పట్టి.
తప్పిపోయిన బర్రె కోసం కూడా ఒకసారి వేశాం.
రెండోనాడే దొరికింది.
టైపు గొప్పతనమని సాబ్,
బర్రె గొప్పతనమని దాని యజమాని.

సాబ్ కట్టడి ఒకటుండేది:
పెండ్లికి సన్నటి టైపు,
చావుకు నిటారు టైపు.
ఇరవై ఏడు అంగడి సరుకు,
ఇంట్లకు రానియ్యొద్దు.

పల్లికాయ సీజను ముగిసే రోజుల్లో
చెన్నమ్మ వచ్చింది.
గంజ్ హమాలి ఊశన్న పెండ్లాం.
దినాల కార్డులు, వంద చాలన్నది.
నమూనాల పుస్తకం ముందు పెట్టాను.
చదవడం రాదు ఆమెకు.
పుటలు తిప్పుకుంటూ పోయింది,
సంతలో తెలిసిన ముఖం కోసం వెతికినట్టు.
ఒకచోట వేలాగింది.

"గిది పెట్టు కొడుకా."

అమ్మా, ఇది జాతరలకు, ఎరువులకు...

"సదువు నాకు రాదు గని నడక నాకెరికే.
సూడు, నెత్తిమీద మూట,
ముందలికి వంగుడు,
ఒక్క కాలు ఇంకా కింద పెట్టనేలే.
నిటారుగున్నోడు మా ఆయన కాదు,
ఎవరో పటేలు అట్లుంటడు."

సాబ్ ఇంకు చేతులు తుడుచుకుంటూ విన్నాడు.
ఏమీ అనలేదు.
తనే వంగి అర లాగాడు.

ఊ. శ. న, దాని కింద న వత్తు.
ఊకు తలకట్టు ఉండదు,
ముందు అది ఖాళీ నెత్తితో పోయింది.
బరువంతా వెనకవాటి మీదే.
శ దిమ్మె ఒక మూల చిట్లి ఉంది.
అరలో ఇంకో శ లేదు. అదే పెట్టాను.
బిగించేటప్పుడు చెయ్యి రెండుసార్లు ఆగింది.

చుట్టూ నల్లంచు. మొదటి కాగితం
తడి ఆరకముందే ఆమె చేతిలో పెట్టాను.
పేరు మీద వేలు రాసింది, మసి అంటింది.
వెనక్కి తిప్పింది.
అచ్చు నొక్కుకున్న చోట
కాగితం ఇటువైపు ఉబ్బి ఉంది.
అక్కడ తడిమి తడిమి,
"బరువుగనే ఉన్నడు" అన్నది.

కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది.
సాబ్ కాగితం ఖర్చు మట్టుకే తీసుకున్నాడు,
అదీ ఆమె ఊరుకోదని.

ఆ తర్వాత ప్రెస్సులో
ఇరవై ఏడు అనే మాట వినబడలేదు.
జాతర పోస్టరు వచ్చినా, ఎరువుల కరపత్రం వచ్చినా
సాబ్ మిషను దగ్గర నుంచే కేకేసేవాడు:
"ఊశన్న అర లాగురా!"
కొత్తగా చేరిన పిల్లలు
అది ఫౌండ్రీవాళ్లు పెట్టిన పేరే అనుకున్నారు.